పంది బ్యాంకు నుండి పచారీ కొట్టు దాక

మోటారు కార్ల నిర్మాణమునకు లోకమంతట పేరొందిన డెట్రాయిట్ నగరము తెలుగువారికి క్రొత్త కాదు. ఆ నగరమును చుట్టుకొనియున్న ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ మొదలగు శివారు పట్టణములలో మన యింజనీర్లు ఎందరో కాపురములు పెట్టియున్నారు. 2015 లో ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానావారి మహాసభలు అచ్చటనే జరిగినవి. వేసవి నాలుగు నెలలును పెరటిలో గోంగూర, సొర, బెండ పెంచి ఇరుగుపొరుగులకు పంచిపెట్టు ముచ్చట అక్కడి తెలుగు లోగిళ్ళలో సర్వసామాన్యము. ఆ శివారులలో కూరగాయలకై అంగడికి పోయినవారికి, ఏ ఋతువునందైనను, ఏ దేశపు ఫలమైనను, ధర చెల్లించుటయే తడవుగా లభించును. కాని అదే దారిన కొన్ని మైళ్ళు లోనికి పోయి నగరపు పొలిమేర దాటినచో, బెస్తవారమునాడు వండుకొనుటకు ఒక్క తాజా ఆకుకూర కట్ట కావలసిన వృద్ధురాలు బస్సులు మారి మారి పోవలసిన పేటలు ఎదురగును. ధాన్యము ఓడలకెత్తి పరదేశములకు పంపునట్టి సంపన్న దేశమున, ఒకే నగర పరిసరమున, ఇంతటి అంతరము ఏల కలిగినది, దానిని పూడ్చుటకు అక్కడి నల్లజాతి స్త్రీలు ఏ త్రోవ త్రొక్కిరి అనునది తెలిసికొనదగిన విషయము.

ఈ అంతరము మనుష్యులు చేతులార కల్పించినదే. 1930 దశకమున ఇండ్ల ఋణముల నిమిత్తము ప్రభుత్వ సంస్థ గీయించిన పటములలో నల్లవారు నివసించు పేటలకు ఎఱ్ఱరంగు పులిమి, అచ్చట అప్పిచ్చుట ప్రమాదకరమని గుర్తుపెట్టిరి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము తెల్లవారు చౌక ఋణములు పొంది శివారులకు తరలిరి. నల్లవారి నివాసమునకును వ్యాపారమునకును పట్టుగొమ్మయైయున్న బ్లాక్ బాటమ్ అను పేటను పడగొట్టి దాని మీదుగా కార్లు పోవు పెద్ద రహదారి వేసిరి. 1950 లో పదునెనిమిదిన్నర లక్షలుగా నున్న జనసంఖ్య 2020 నాటికి ఆఱు లక్షల నలువది వేలకు దిగెను; మిగిలినవారిలో నాలుగింట మూడు పాళ్ళకు మించి నల్లజాతివారు. జనముతోపాటు అంగళ్ళును వెడలిపోయెను. 2007 లో ఫార్మర్ జాక్ అను సంస్థ తన దుకాణములను మూసివేసిన పిమ్మట, 2013 వరకు, అంత నగరములోను పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థలవారి కొట్టు కానరాకుండెను. స్వతంత్రులు నడుపు కొట్లు కొన్ని లేకపోలేదు. కాని చాల పేటలలో ఇంటికి చేరువగా దొరకునది సారా కొట్టులోని చిప్స్ పొట్లము, పెట్రోలు బంకులోని శీతల పానీయము. కార్లు చేయు నగరమున కారు లేని సంసారములు అనేకములనుట వినువారికి వింతగా తోచును గాని, ఆ నగరమున బ్రదుకువారికి అందులో వింత లేదు.

ఇట్టి చోట సాధారణముగా రెండు చికిత్సలు సూచింపబడును: పన్ను రాయితీలు చూపి పెద్ద దుకాణమును రప్పించుట యొకటి, ధర్మాత్ములు డబ్బాలలో నింపిన ఆహారమును పంచుట యొకటి. రెండును ఆకలికి కొంత ఉపశమనము కలిగింపగలవు. కాని దుకాణము వచ్చినట్లే పోవచ్చును. ధర్మము ఇచ్చువాని చిత్తము. భూమియు, విత్తనమును, అంగడియు తినువారి చేతిలోనే ఉండవలెనను మూడవ మార్గమును చేపట్టిన డెట్రాయిట్ స్త్రీలు దానిని ఏ గ్రంథమునందో చదివి నేర్చినవారు కారు. 1910 మొదలు 1970 వఱకు దక్షిణ రాష్ట్రముల ప్రత్తి చేలను విడిచి ఉత్తర నగరములకు వలసవచ్చిన సుమారు అరువది లక్షల నల్లవారిలో వారి తల్లులు, అమ్మమ్మలు ఉండిరి. కావున కథ మిసిసిపీ రాష్ట్రము నుండి ఎత్తుకొనవలెను.

అచ్చట 1917 లో, పంటలో పాలు భూస్వామికి చెల్లించి కోరుకు దున్నుకొను దంపతులకు ఇరువదవ సంతానముగా జన్మించి, ఆఱవ యేటనే ప్రత్తి తీయుటకు చేనిలో దిగిన ఫానీ లూ హేమర్ పేరు అమెరికా పౌరహక్కుల చరిత్రలో సుప్రసిద్ధము. ఆమె బాల్యమున, తండ్రి ఎన్నియో యేండ్లు కడుపు కట్టుకొని కూడబెట్టిన సొమ్ముతో మూడు కంచరగాడిదలను, ఆవులను కొని, ఇక ఒకరి కాడికి లోబడక సొంత సేద్యము చేయుదమని ఆశపడుచుండగా, ఒక రాత్రి ఎవరో ఆ పశువుల దాణా తొట్టిలో పురుగుల మందు కలిపి వానిని చంపిరి. తెల్ల పొరుగువాడొకడు ఓర్వలేక చేసిన పని యని ఆమె తరువాతి కాలమున చెప్పుకొనెను. ఆ కుటుంబము మరల లేవలేదు. నల్లవాడు పేదవాడుగా నుండుట సహింపబడును, స్వతంత్రుడగుట సహింపబడదు అను ఎఱుక ఆమెకు ఆ తొట్టి యొద్దనే కలిగినదని నా ఊహ.

రూల్‌విల్ గ్రామమునొద్ద ఒక భూస్వామి పొలమున పదునెనిమిది సంవత్సరములు పనిచేసి, చదువు వచ్చుటచే కూలీల హాజరు, ప్రత్తి తూకము లెక్కలు వ్రాయుచుండిన హేమర్, 1962 ఆగస్టు 31 న ఓటరుగా నమోదగుటకై జిల్లా ముఖ్యపట్టణమైన ఇండియనోలాకు పోయివచ్చెను. దరఖాస్తు వెనుకకు తీసికొమ్మని భూస్వామి పట్టుపట్టగా, ఆమె కాదని, ఆ రాత్రియే ఇల్లు విడిచెను. అదే సంవత్సరపు శీతకాలమున ప్రక్కనున్న లెఫ్లోర్ జిల్లాలో, నల్లవారు ఓటు కోరిరను కసితో, కేంద్ర ప్రభుత్వము ఉచితముగా పంపు పిండి, బియ్యము, ఎండుపాలు మొదలగు వస్తువుల పంపిణీని జిల్లా అధికారులు నిలిపివేసిరి. ఇరువది వేలకు మించిన జనులకు చలికాలపు కూడు దానిపైననే ఆధారపడియుండెను. పిమ్మట వచ్చిన, ఆహారము కొనుటకు ప్రభుత్వమిచ్చు ఫుడ్ స్టాంపుల పద్ధతి మేలైనదని పట్టణములవారు తలచిరి గాని, ఆ స్టాంపులను ఆ రోజులలో ఎంతో కొంత రొక్కమిచ్చి కొనవలసియుండెను. ప్రత్తి తీయు యంత్రములు, కలుపు మందులు వచ్చి కూలి పోయిన ఇంటిలో రొక్కమెక్కడిది? 1967 లో సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ ఆ ప్రాంతమునకు వచ్చి, పొట్టలుబ్బిన శిశువులను కన్నులార చూచి, నిశ్చేష్టుడయ్యెను.

ఆకలిని ఆయుధముగా వాడుట చూచిన హేమర్, ఓటుహక్కు ఒక్కటియే చాలదని గ్రహించి, 1969 లో నలువది ఎకరములు కొని ఫ్రీడమ్ ఫార్మ్ అను సహకార క్షేత్రమును స్థాపించెను. అంతకు ఇంచుక ముందే, డోరతీ హైట్ అధ్యక్షతన నడచు నల్లజాతి మహిళల జాతీయ మండలి సాయమున, ఆమె ఒక పంది బ్యాంకును నెలకొల్పియుండెను. పంది మాట వినగానే మన పాఠకులలో కొందరు ముక్కు మీద వ్రేలు వేసికొందురేమో గాని, ఆ బ్యాంకు నడిచిన తీరు ఏ ఆర్థికశాస్త్రజ్ఞుడైనను మెచ్చదగినది. బ్యాంకు మూలధనము కొన్ని పదుల పందులు. చూలు పంది నొకదానిని ఒక కుటుంబమునకు అప్పగింతురు. అది ఈనినంతట ఆ కుటుంబమునకు పిల్లలు దక్కును. వచ్చిన వృద్ధిలో బ్యాంకు వంతు బ్యాంకునకు చెల్లును. ఆ వంతు మఱియొక ఇల్లు చేరును. వడ్డీ లేదు, పత్రము లేదు, హామీదారు లేడు. వంటింటి మిగులుతోను, పెరటి తవుడుతోను పెరిగిన జంతువు ఉప్పు పట్టించిన మాంసముగా మారి శీతకాలమంతయు ఒక సంసారమును సాకును. కొలది సంవత్సరములలోనే ఈ బ్యాంకు వందల కుటుంబముల చేరెను. ఇల్లాలి చేతిలో నున్న ఆ ధనమును భూస్వామి తన ఖాతాపుస్తకమున వ్రాసికొనజాలడు అనునదియే అందలి కీలకము.

క్షేత్రము పెరిగి ఆఱు వందల నలువది ఎకరములకు పైబడినది. అందులో బెండ, చిక్కుడు, మొక్కజొన్న, వేరుసెనగ, చిలగడదుంప, ఆకుకూరలు తినుటకును, ప్రత్తి, సోయా చిక్కుడు అమ్మి భూమి వాయిదాలు తీర్చుటకును వేయుచుండిరి. సభ్యత్వ రుసుము నెలకు ఒక్క డాలరు. ఆ డాలరు చెల్లింపగలిగిన కుటుంబములు ముప్పది మాత్రమే కాగా, చెల్లింపజాలకున్నను పేరు నమోదైనవి పదునైదు వందలు. సహకార సంఘ శాస్త్రము చదివిన వాడెవడైనను ఈ లెక్క చూచి, ఈ సంఘము నిలువదని ఆనాడే చెప్పగలిగియుండును. అట్లే అయ్యెను. 1972, 1973 సంవత్సరములలో వరుసగా వానలు, వరదలు, అనావృష్టి పైరులను చెఱచెను. ఉత్తరాది దాతల ఉత్సాహము చల్లబడెను. ఓటుహక్కు పోరాటమున 1963 లో నిర్బంధింపబడి కారాగృహమున పడిన దెబ్బలచే చెడిన హేమర్ ఆరోగ్యము మఱింత క్షీణించెను. 1976 నాటికి బకాయిల క్రింద భూమి పోయెను. 1977 మార్చి 14 న ఆమె మరణించెను. ఈ క్షేత్రము విఫలమైనదని ఒక్క మాటలో త్రోసివేయువారితో నేను ఏకీభవింపను. ఏడెనిమిది సంవత్సరములు వందల పొయ్యిలు వెలిగించిన దానిని విఫలమనుటకు నోరు రాదు. కాని దాతల ధనముపై నిలిచిన భూమి దాతలతోపాటే పోవుననుట మాత్రము ఆమె వారసులు మఱువజాలని పాఠమయ్యెను. ఈ చరిత్రను మూలపత్రములనుండి వెలికితీసి, మోనికా వైట్ అను సమాజశాస్త్రజ్ఞురాలు 2018 లో 'ఫ్రీడమ్ ఫార్మర్స్' అను గ్రంథము వెలువరించెను. ఆమె డెట్రాయిట్ నల్లజాతి ఆహార ఉద్యమమున స్వయముగా పాల్గొన్న వ్యక్తి యగుట గమనింపదగినది.

ఇక డెట్రాయిట్. ఆ నగరమున ఖాళీ జాగాలలో సేద్యమనునది క్రొత్త మాట కాదు. 1893 నాటి ఆర్థిక సంక్షోభమున పనులు పోయిన వారికి హేజెన్ పింగ్రీ అను మేయరు ఖాళీ స్థలములలో ఉర్లగడ్డలు పండించుకొన ననుమతించెను. ఇరువదవ శతాబ్దపు చివర, ఇండ్లు కూలి గడ్డి మొలచిన పేటలలో, దక్షిణమునుండి బాల్యమున వచ్చిన వృద్ధులు, అందును ముఖ్యముగా వృద్ధ స్త్రీలు, తమంత తాము పార పట్టి కొలార్డ్ ఆకు, బెండ, చిక్కుడు వేసి, పేట పిల్లలకు నేర్పుచుండిరి. వారికి గార్డెనింగ్ ఏంజెల్స్ అని పేరు వచ్చెను. చైనా సంతతికి చెందిన తాత్త్వికురాలు గ్రేస్ లీ బాగ్స్ ఈ వృద్ధుల పనిలో నగర పునరుద్ధరణకు బీజములు చూచి, 1992 లో యువకులను వారితో కలుపు డెట్రాయిట్ సమ్మర్ అను ఉద్యమమునకు తోడ్పడెను. ప్రభుత్వ ప్రణాళికలు రాని చోట ముసలమ్మల జ్ఞాపకము ముందు వచ్చెను.

2006 లో డెట్రాయిట్ నల్లజాతి ఆహార భద్రతా సంఘము ఏర్పడెను. అది మొదట పావు ఎకరమున, పిమ్మట ఒక చర్చివారి అరయెకరమున సాగుచేసి, ఆ రెండు చోట్లనుండియు కదలవలసివచ్చి, రెండు సంవత్సరములు నగరపాలకులతో సంప్రదించి, 2008 లో రూజ్ పార్కులోని పాడుపడిన చెట్ల నర్సరీలో రెండెకరములు సంవత్సరమునకు ఒక్క డాలరు చొప్పున పదేండ్లకు పొందెను. డి-టౌన్ ఫార్మ్ అను ఆ క్షేత్రము ఇప్పుడు ఏడెకరములు. ఆ సంఘమునకు ముఖ్య సారథిగా పేరొందినవాడు మాలిక్ యాకీనీ అను పురుషుడే యైనను, చేలో వంగి పనిచేయువారిలోను, పిల్లల తరగతులు నడుపువారిలోను స్త్రీలు అగ్రభాగమున ఉండిరి. వారిని గూర్చి మోనికా వైట్ 2011 లో వ్రాసిన పరిశోధనలో, తమ పిల్లలు నిర్భయముగా తిరుగగల స్వచ్ఛమైన చోటును, తమవారు కలిసికొను నెలవును తమ చేతులతో నిర్మించుకొనుటను వారు ఒక విధమైన ప్రతిఘటనగా భావించినట్లు చూపెను. కూరగాయ అందులో ఒక భాగము మాత్రమే.

నగరపు మట్టి పల్లె మట్టి వంటిది కాదు. పాత ఇల్లు పడగొట్టినచో ఇటుక ముక్కలు, గాజు పెంకులు, మేకులు నేలలో కలిసిపోవును. 1978 కి ముందు వాడిన రంగులలోని సీసము పొడియై మట్టిలో నిలిచియుండును. సీసము పసిపిల్లల మెదడునకు విషము. కావున స్థలము చేతికి రాగానే చేయు మొదటి పని విత్తుట కాదు, మట్టిని పరీక్షకు పంపుట. సీసము మిక్కిలిగా నున్నచో నేలను త్రవ్వకుండ, అట్టపెట్టెలు పఱచి, పలకలతో చట్రము కట్టి, అందులో కొనితెచ్చిన మట్టి, కంపోస్టు ఎరువు నింపి ఎత్తు మడులు చేయుదురు. ఆకుకూరలును దుంపలును ఆ మడులలోనే వేయవలెను, ఏలయన మట్టి అంటుకొనునవి అవియే. టమాటా వంటి ఫలములు సీసమును అంతగా గ్రహింపవు. అక్టోబరునాటికే పైరులను చెఱచు హిమము పడసాగును గాన, వంచిన లోహపు గొట్టములపై ప్లాస్టిక్ పట్టా కప్పిన పందిళ్ళలో పాలకూర, కేల్ శీతకాలమందును నిలుపుదురు. ఆ పందిరిలోనికి అడుగిడిన వారి కన్నద్దములు వెచ్చని ఆవిరిచే మసకబారును. బయట మోకాటి లోతు మంచు, లోపల తడిమట్టి వాసన.

ఇట్లు పండిన పంట అమ్ముటకు ఒక్కొక్కరు బుట్ట పట్టుకొని సంతకు పోయినచో కూలి కూడ గిట్టదు. గ్రోన్ ఇన్ డెట్రాయిట్ అను పేరున చిన్న తోటలవారందరు తమ కట్టలను ఒక్కచోట చేర్చి, 1891 నుండి ఆ స్థలమున నడచుచున్న ఈస్టర్న్ మార్కెట్టులో ఒకే బల్ల పెట్టి అమ్ముదురు. ఎవరి కట్టకు వచ్చిన డబ్బు వారిదే. ఇక కొనువారి వైపు చూచినచో, 2009 లో ఈ నగరమున ఆరంభమైన డబుల్ అప్ ఫుడ్ బక్స్ అను పథకము మేలైనది: ప్రభుత్వ ఆహార సహాయపు కార్డుతో సంతలో ఒక డాలరు కూరగాయ కొనినవారికి మఱియొక డాలరు విలువగల కూరగాయ ఉచితము. పేదవాని సంచియు నిండును, రైతునకు ధరయు తగ్గదు. ఈ రెంటికిని వైరము కలదని నమ్ముటకు మనము అలవాటు పడియున్నాము.

అయినను ఈ తోటలు నగరమును పోషింపజాలవు. గోధుమ, పాలు, నూనె, పంచదార, మాంసము ఎక్కడనుండియో రావలసినవే. ఈ తోటల పంట వాని ప్రక్కన ఆకుకూర పాటి. ఈ సంగతిని సంఘమువారు ఎన్నడును దాచలేదు. అందుచేతనే అంగడి తమదిగా నుండవలెనను ఆలోచన వారిలో మొలచి, పదేండ్లకు పైగా నానబెట్టబడి, 2024 మే నెలలో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డెట్రాయిట్ పీపుల్స్ ఫుడ్ కో-ఆప్ అను పచారీ కొట్టుగా తెరువబడెను. పై అంతస్తులో చిరు వ్యాపారులు అద్దెకు వండుకొను వంటశాలలు, సభామందిరము, క్రింద కొట్టు. రెండు కోట్ల డాలర్లకు మించి వ్యయమైనది. సభ్యత్వ వాటా రెండు వందల డాలర్లు, జీవితమునకు ఒక్కసారి, వాయిదాలలోనైనను చెల్లింపవచ్చును. ఎవరికెన్ని వాటాలున్నను ఓటు ఒక్కటే. సభ్యులు కానివారును కొనవచ్చును. ఫ్రీడమ్ ఫార్మ్ లెక్కపుస్తకము చదివినవారు ఈ రెండు వందలను తప్పుపట్టరు. కాని అప్పులు, జీతములు, విద్యుచ్ఛక్తి బిల్లులు మోయు కొట్టు శివారు దుకాణపు ధరలతో పోటీపడుట దుస్తరము. పేటలోని నిరుపేద యిల్లాలు గ్రుడ్ల ధర పది సెంట్లు ఎక్కువైనచో ఓటుహక్కు తలచుకొని కొనునా యను ప్రశ్న అక్కడివారినే వేధించుచున్నది.

అన్నిటికంటె జటిలమైనది భూమి సమస్య. 2012 డిసెంబరులో నగరపాలక మండలి, అయిదుగురు అవుననగా నలుగురు కాదనగా, సుమారు పదునైదు వందల ఖాళీ స్థలములను ఒక్కొక్కటి మూడు వందల డాలర్ల చొప్పున హాంట్జ్ అను సంపన్నుని చెట్ల తోటకు అమ్మెను. ప్రక్క స్థలమును ఏండ్ల తరబడి గడ్డి కోసి, చెత్త ఎత్తి, సాగుచేసికొనుచున్న ముసలమ్మలు దానిని కొనబోయినప్పుడు ఎదురైన కార్యాలయపు తిప్పట ఆ కొనుగోలుదారునకు ఎదురు కాలేదని ఆనాడు జనులు సణిగిరి. ఆ సణుగుడు అన్యాయమని నేను చెప్పలేను. 2013 లో నగరసేద్యమును చట్టబద్ధము చేయు శాసనము వచ్చుటచే పంట వేయుట నేరము కాకపోయెను గాని, వేసిన నేల తమది కాలేదు. నల్లజాతి ఆహార భద్రతా సంఘమును, కీప్ గ్రోయింగ్ డెట్రాయిట్ అను సంస్థయు, ఒక మహిళ నాయకత్వమున నడచు ఓక్లాండ్ అవెన్యూ తోటయు కలిసి 2020 జూన్ లో ఒక భూనిధిని ఏర్పరచి, చందాలు పోగుచేసి, ఏండ్లుగా పరుల నేల సాగుచేయు నల్లజాతి రైతులకు స్థలములు కొనుటకు డబ్బు ఇచ్చుట మొదలుపెట్టెను. తొలి సంవత్సరమే ముప్పదిమందికి సాయము లభించెను. నగరపు నడిబొడ్డు మరల కళకట్టుకొలది స్థలముల ధరలు పెరుగుచున్నవి గావున, నిధి పెరిగినంత వేగమున అది కొనగల నేల పెరుగుట లేదు. పాలకూర నెల పంట. పట్టా లేనివారును వేసికొందురు. ఆపిల్ మొక్క కాపునకు నాలుగైదేండ్లు పట్టును గాన, దానిని నాటువారు పట్టా వచ్చినవారే.